తోక కోసిన డమ్మీ

సంగన్నకు కాలిందన్న మాట నాకు మొదట తెచ్చింది ఖాజా. సిర్గాపూర్ నుంచి ఖేడ్‌కు షేర్ ఆటో నడిపేవాడు. ఆ పొద్దున నేను షెడ్డు ముందర నిలబడి డ్రమ్ములో నీళ్ళు పడుతున్నాను. ఆటోను రోడ్డు మీదే ఆపి, లోపల కూర్చున్నవాళ్ళు అరుస్తున్నా పట్టించుకోకుండా దిగి వచ్చాడు.

"సుగుణక్కా, సంగన్నకు కాలిందంట. హైదరాబాద్ల. మీరు పంపిన డబ్బాల ఏందో పగిలిందంట."

"ఏ డబ్బా?"

"నాకేం ఎరుక అక్కా. మొన్న పెద్ద దవాఖానకు పంపినరు సూడు, గదే అంటున్నరు. తుల్జమ్మను బస్సెక్కించి వస్తున్న."

తుల్జమ్మ సంగన్న భార్య. ఏ డబ్బా అని అడిగాను గానీ, అడగకముందే నాకు తెలుసు.

ఇప్పుడు మా ఊళ్ళ పిల్లలు ఐటీఐ చదివి ఫ్యాక్టరీల్లో చేరుతున్నారు. మీరు పన్నెండేళ్ళు చేశారు గదా, పని ఎట్లుంటదో చెప్పండి అని అడుగుతారు. వాళ్ళ కోసమే రాస్తున్నాను. జీతం ఎంత పెరిగింది, ఏ హోదా ఇచ్చారు అన్నవి రాయను. పని ఏమిటో, అందులో నేను చేసిన తప్పు ఏమిటో రాస్తాను.

డబ్బా అంటే

ఆసుపత్రికి, హోటలుకు పొద్దస్తమానం వేడినీళ్ళు కావాలి. దానికి బాయిలరు, పంపులు, ట్యాంకులు, వాల్వులు, అన్నిటినీ కలిపే పైపులు, కరెంటు బోర్డు కావాలి. పాత పద్ధతిలో ఇవన్నీ ఆ భవనంలోకే మోసుకుపోయి, ఫిట్టర్లు నెలల తరబడి అక్కడే ఉండి బిగించేవాళ్ళు. మా షెడ్డు పద్ధతి వేరు. ఇనుప చట్రం మీద మొత్తం ఇక్కడే బిగించి, చుట్టూ రేకు గోడలు, పైన కప్పు, ఒక తలుపు పెట్టి, గదికి గదినే లారీ ఎక్కించేవాళ్ళం. అక్కడ క్రేనుతో దింపి, నాలుగు పైపులు కలిపి, కరెంటు ఇస్తే నడవాలి. కాగితాల్లో దాని పేరు ప్లాంట్ రూము. మాకు మాత్రం డబ్బా.

పెద్ద సారు హైదరాబాదు మనిషి. ఖేడ్ అవతల రోడ్డు పక్కన ఆయనకు భూమి ఉంది, ఇక్కడ కూలి సస్తా, చవకగా దొరుకుతుంది అని షెడ్డు వేశాడు. సస్తా కోసమే వేసినా, సిర్గాపూర్ నుంచి, మనూర్ నుంచి వలసపోయి పట్నంలో కూలి అడ్డా మీద నిలబడే మనుషులకు ఇంటిదగ్గర పని దొరికింది. దానికి దేవునికి ఇప్పటికీ స్తోత్రం చెప్తాను. ఆ షెడ్డు అన్నం తిని బతికాను. అన్నం పెట్టినచోటు గురించి చేదు మాట అనకూడదని మా అమ్మ అనేది. అమ్మ మాట తప్పుతున్నాను.

షెడ్డులో చేసి పంపితే పని చక్కగా కుదురుతుంది అంటారు. సగం నిజం. నీడలో, గట్టి నేల మీద, చేతికి అందే ఎత్తులో పని చేస్తాం కాబట్టి బిగింపు బాగుంటుంది. కానీ కట్టేవాళ్ళు ఒకచోట, బాయిలరుకు మంట ముట్టించేవాళ్ళు ఒకచోట. మధ్యలో లారీ. కట్టినవాళ్ళకు తెలిసిన సంగతులు లారీ ఎక్కవు. ఈ పనిలో వచ్చే కష్టాల్లో సగం అక్కడే పుడతాయి.

పైపులకు చీరలు

నేను బడి మొహం చూడలేదు. మా నాయన పొలం పని చేసుకుంటూ ఆదివారం చర్చిలో వాక్యం చదివేవాడు. ఇంటి అరుగు మీద సుద్దముక్కతో ఆయనే నాకు అక్షరాలు దిద్దించాడు. అంకెలు పాటల పుస్తకంలోనే నేర్చుకున్నాను. ఆయన పాట నంబరు చెప్తే నేను వెతికి తీయాలి. తీసేలోపల ఆయన పాట మొదలుపెట్టేస్తే నేను ఓడినట్టు.

మా ఆయన పోయిన రెండేళ్ళకు షెడ్డులో చేరాను. ఆడవాళ్ళకు ఇచ్చిన పని పైపులకు గాజు దూది చుట్టడం, దానిపైన అల్యూమినియం రేకు తొడగడం. గాజు దూది కంటికి కనబడని ముళ్ళ మూట. ఇంటికి పోయి చన్నీళ్ళే పోసుకోవాలి, వేడినీళ్ళు తగిలితే దురద ఇంకా ఎక్కువవుతుంది. లోకానికి వేడినీళ్ళ గదులు కట్టిన ఆడవాళ్ళం చలికాలం కూడా వణుక్కుంటూ చన్నీళ్ళు పోసుకున్నాం.

సంగన్న మా షెడ్డు పెద్ద ఫిట్టరు. బోరంచ మనిషి. నుదుట పోచమ్మ బొట్టు లేకుండా పానా పట్టేవాడు కాదు. నేను చేరిన మూడోరోజు వెనక నిలబడి చూశాడు.

"ఏందే చెల్లె, పైపుకు చీర కడుతున్నవా? గంత వదులుగ కడితే పట్నం పోకముందే ఊడిపోతది."

"ఎట్ల కట్టాల్నో నువ్వు నేర్పలే గదన్నా."

"నేర్పుత గని, పోచమ్మ భక్తుడు నేర్పితె మీ యేసయ్య ఒప్పుకుంటడా?"

"మా యేసయ్య ఒప్పుకుంటడు. నీ పోచమ్మనే అడిగిరా."

గట్టిగా నవ్వాడు. ఆ రోజు నుంచి నేను ఆయనకు చెల్లెను. షెడ్డులో నాకు తెలిసినదంతా ఆయన నేర్పిందే.

కదలని ముల్లు

డబ్బా తయారయ్యాక పైపుల నిండా నీళ్ళు నింపి, చేతి పంపుతో ఒత్తిడి ఎక్కించి, మీటరు ముల్లు ఎక్కడ నిలిచిందో అక్కడ సుద్దగీత గీసి కూర్చోవాలి. ముల్లు కిందికి జారితే ఎక్కడో కారుతున్నట్టు. దీన్నే టెస్టు అంటారు. అప్పట్లో ఒక ఇంజనీరు చేసేవాడు.

ఒక ఎండాకాలం షెడ్డులో జాగా లేక ఒక డబ్బాను బయట పెట్టి టెస్టు చేశారు. పొద్దున ఎనిమిదికి గీసిన గీత మీదే పదకొండుకూ ముల్లు నిలబడి ఉంది. ఇంజనీరు సంతోషపడి పాసు అన్నాడు. నేను పక్కనే రేకు కత్తిరిస్తున్నాను. పైపు మీద చెయ్యి వేస్తే చురుక్కుమంది. పొయ్యి మీద అంచుదాకా నీళ్ళు పోసిన గిన్నె పెడితే వేడికి పొర్లుతుంది గదా అనిపించింది. సంగన్నను పక్కకు పిలిచాను.

"అన్నా, ఎండకు లోపలి నీళ్ళు కాగుతున్నయి. కాగితె పెరగాలె. పెరిగితె ముల్లు మీదికి పోవాలె. ఎందుకు పోతలే?"

ఆయన నావైపు ఒకసారి, మీటరు వైపు ఒకసారి చూశాడు. చట్రం కింద దూరాడు. అడుగు పైపు జాయింటు దగ్గర ఒక్కో చుక్క పడుతోంది. ఎండిన నేల పడ్డది పడ్డట్టు తాగేస్తోంది కాబట్టి తడి కూడా కనబడలేదు. ఎండ ఎక్కించినంత ఒత్తిడిని ఆ చుక్క దించేస్తోంది. రెండూ సరిసమానమై ముల్లు కదలలేదు.

సంగన్న కింది నుంచి బయటికి వచ్చి మోకాళ్ళు దులుపుకుంటూ అందరికీ వినపడేలా అన్నాడు: "ముల్లు కదిలితె అందరు సూస్తరు. కదలకుంటె ఎందుకు కదుల్తలేదని సూసేటోడే టెస్టరు. రేపటిసంది సుగుణకియ్యండ్రి ఈ పని."

ఇచ్చారు. కొత్తగా చేరే పిల్లలకు ఈ ఒక్క ముక్క చెప్తాను. అంతా బాగుందని కనబడుతున్నప్పుడే దగ్గరికి పోయి చూడండి. నేను ఇది నేర్చుకున్నాను, కానీ అవసరమైన రోజున వదిలేశాను.

ఎర్ర తోక

టెస్టుకు ఎక్కించే ఒత్తిడి, డబ్బా నడిచేటప్పుడు ఉండే ఒత్తిడి కంటే ఎక్కువ. బాయిలరు మీద సేఫ్టీ వాల్వులు ఉంటాయి. ఒత్తిడి హద్దు దాటితే అవే తెరుచుకుని నీళ్ళను, ఆవిరిని బయటికి వదిలేస్తాయి. టెస్టు మధ్యలో అవి తెరుచుకుంటే టెస్టు సాగదు. అందుకని వాల్వుకూ దాని కింది పైపుకూ మధ్య ఒక గుండ్రటి ఇనుప బిళ్ళ దూర్చి దారి మూసేస్తాం. అదే డమ్మీ. టెస్టు కాగానే నీళ్ళు వదిలేసి, బోల్టులు విప్పి, డమ్మీ తీసి, నీళ్ళు కారకుండా మధ్యలో కొత్త ప్యాకింగు వేసి వాల్వును మళ్ళీ బిగించాలి. డమ్మీ తీయకపోతే చూడడానికి వాల్వు ఉంటుంది, పనికి ఉండదు.

తీయడం మరిచిపోవడం చాలా సులువు. అందుకే సంగన్న షెడ్డులో ఉన్న ప్రతి డమ్మీకి జానెడు ఇనుప తోక వెల్డింగు చేయించి, ఎర్ర రంగు పూయించాడు. బోల్టుల మధ్య నుంచి అది నాలుకలా బయటికి పొడుచుకొచ్చి ఉండేది. ఎర్ర తోక కనబడితే డమ్మీ ఉన్నట్టు. కనబడకపోతే లేనట్టు. షెడ్డులో పనిచేసే అందరికీ, సైటులో ముట్టించే అందరికీ ఆయన నేర్పింది ఇదే. ముట్టించే ముందు డబ్బా చుట్టూ ఒక్క తిరుగు తిరగండి, ఎర్రగా ఏమైనా కనబడుతుందా చూడండి అనేవాడు.

"రాసిపెట్టుకుంటె సాలదా అన్నా?" అని ఒకసారి అడిగాను.

"కాయితం సదువొచ్చినోడికే కనబడ్తది చెల్లె. తోక అందరికి కనబడ్తది."

డమ్మీ పెట్టినవాళ్ళే తీయాలి, తీసినవి చేతిలో పట్టుకుని చూపించాలి, అప్పటిదాకా ఆ మెడ చుట్టూ గాజు దూది చుట్టకూడదు. ఇదీ మా షెడ్డు కట్టుబాటు. చాలా ఏళ్ళు ఒక్క డబ్బా కూడా దీన్ని దాటి బయటికి పోలేదు.

ఇద్దరు సార్లు

పెద్ద సారు కోపిష్ఠి. కానీ ఆడవాళ్ళను ఏనాడూ ఒక్క తప్పుమాట అనలేదు. ఏ పండగైనా అడిగినవాళ్ళకు సెలవిచ్చాడు. నాలాంటి బడి లేని మనిషికి టెస్టు పని ఇవ్వడానికి ఆయన వెనకాడలేదు. అందుకు రుణపడి ఉన్నాను.

తర్వాత ఆయన అల్లుడు వచ్చాడు. మేము చిన్న సారు అనేవాళ్ళం. చదువుకున్నవాడు, మర్యాదస్తుడు. ఆయన చూపంతా డబ్బా ఎట్లా కనబడుతుందన్న దాని మీదే. ప్రతి డబ్బాకూ ఫోటోలు తీయించేవాడు. రేకు అద్దంలా మెరవాలి. లారీ అనుకున్న రోజున కదలాలి. ఆయన చెడ్డవాడు కాదు, తొందర మనిషి. ఈ పనిలో ఆ రెంటికీ పెద్ద తేడా లేదు.

ఆ శనివారం

దవాఖానకు పోవాల్సిన డబ్బా టెస్టు శనివారం మధ్యాహ్నం అయిపోయింది. చూడడానికి పట్నం నుంచి వాళ్ళ ఇంజనీర్లు వచ్చారు. మెచ్చుకుని పోయారు. గేటు ముందు లారీ నిలబడి ఉంది. సోమవారం పొద్దునకు అక్కడ క్రేను మాట్లాడి పెట్టారు. సంగన్న అప్పటికే పట్నంలో ఉన్నాడు. ఆ డబ్బా దింపి, పైపులు కలిపి, ముట్టించాల్సింది ఆయనే.

రెండు సేఫ్టీ వాల్వులు, రెండు డమ్మీలు. తీద్దామని పానా పట్టుకుంటే, మళ్ళీ బిగించడానికి ఆ కొలత ప్యాకింగులు స్టోరులో లేవు. పట్నం నుంచి తెప్పించాలంటే సోమవారమే.

చిన్న సారు వచ్చాడు. "సైట్ల తీస్తరులే సుగుణమ్మా. సంగన్న ఉన్నడు గదా అక్కడ. ప్యాకింగులు అక్కడికే పంపిస్త. ఫోన్ చేసి చెప్త. మీరు రేకు వేసి ముగించెయ్యండి."

నాతోపాటు చుట్టుడు పని చేసే లక్ష్మి రేకు పెట్టె తెచ్చి వాల్వు మెడకు తొడగబోయింది. ఎర్ర తోకలు అడ్డం వచ్చాయి.

"గీ ఎర్ర ముక్కలేంది? ఫోటోల గలీజ్ కనబడ్తయి. కోసెయ్యండి" అన్నాడు చిన్న సారు.

"తోక కోస్తే లోపల డమ్మీ ఉన్నదని ఎట్ల తెలుస్తది సారూ?"

"నేను చెప్త అంటున్న గదా. నువ్వు గూడ చెప్పు. ఇద్దరు చెప్తె తెల్వదా?"

"అక్కా, కోసెయ్యి," అంది లక్ష్మి. "లారోడు గంటసంది మొత్తుకుంటుండు."

కటింగు మిషను పట్టుకున్నది నేనే. రెండు తోకలూ నా చేతులతోనే కోశాను. లక్ష్మి రేకు పెట్టెలు మూసింది. కట్టుబాటు నాకు తెలియక కాదు. వచ్చిన పెద్దవాళ్ళు నా టెస్టును మెచ్చుకుని పోయారు, ఆ పొంగు ఇంకా దిగలేదు. దాన్ని పాడుచేసుకోవడం ఇష్టంలేక ఊరుకున్నాను.

లారీ కదిలాక సంగన్నకు ఫోను చేశాను. కలవలేదు. ఆదివారం చర్చికి పోయి, టెస్టు పాసయినందుకు స్తోత్రం చెప్పుకుని వచ్చాను. సోమవారం వేరే డబ్బా పనిలో పడ్డాను. చిన్న సారు చెప్పే ఉంటాడు అనుకున్నాను. ఆయన ఆఫీసులో ఎవరికో చెప్పాడట. ఆ ఎవరో ఇంకెవరికో చెప్పమన్నాడట. ప్యాకింగులు కూడా కదలలేదట. ఒకసారి కలవకపోతే రెండోసారి ఫోను చేయాలని ఎవరైనా నాకు నేర్పాలా?

మంగళవారం సంగన్న పైపులు కలిపాడు. చుట్టూ తిరిగి చూశాడు. ఎర్రగా ఏమీ కనబడలేదు. ముట్టించాడు. కాసేపటికి వేడిని ఆపాల్సిన పరికరం పనిచేయలేదు, మంట ఆగలేదు. ముల్లు ఎక్కుతూనే ఉంది. వాల్వులు నోరు తెరవలేదు. దవాఖాన బాయిలరు మనిషి బయటికి పరుగెత్తాడు. సంగన్న లోపలికి పరుగెత్తాడు, మంట ఆపే స్విచ్చు లోపలి గోడకు ఉంది. ఆయన ఆపేలోపల పక్కనున్న పైపు జాయింటు వదిలేసింది. సలసల కాగే నీళ్ళు రెండు చేతుల మీద, మెడ మీద, ఛాతీ మీద పడ్డాయి. మంట ఆగింది కాబట్టి బాయిలరు నిలిచింది. పక్క వార్డులో ఉన్న రోగులకు ఏమీ కాలేదు.

సంతకం

ఖాజా చెప్పి పోయిన రోజు మధ్యాహ్నమే చిన్న సారు వచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది. చేతిలో నా టెస్టు కాగితం. అందులో అడుగున ఒక గడి ఉంటుంది: డమ్మీలన్నీ తీసి పంపడమైనది. అది ఖాళీగా ఉంది.

"ఇక్కడ ఒక సంతకం పెట్టమ్మా."

"తియ్యలే గద సారూ."

"తియ్యలేదని రాస్తే షెడ్డుకు తాళం పడ్తది. ఇంతమంది ఆడోళ్ళు ఎక్కడికి పోవాలె? సంగన్నకేం కాదు. దవాఖాన మేమే చూసుకుంటం. ఉత్త కాయితం ఇది, ఫైల్ల ఉంటది."

"ప్రార్థన చేసుకుని వస్త సారూ" అన్నాను.

రేకుల దొంతర వెనకకు పోయి మోకరించాను. మీకు నిజం చెప్తాను. ఆ రోజు దేవుడు నాతో ఏమీ అనలేదు. నేనే అడిగి, నాకు కావలసిన జవాబు నేనే చెప్పుకుని, దానికి ఆమెన్ అన్నాను. లేచి వచ్చి, మా నాయన అరుగు మీద దిద్దించిన అక్షరాలతో సంతకం పెట్టాను. అబద్ధం కంటే ఆ ప్రార్థనే నాకు ఎక్కువ బరువు.

దవాఖానలో

మూడోరోజు పట్నం పోయాను. సంగన్న చేతులకు మోచేతుల పైదాకా కట్లు. తుల్జమ్మ పక్కన కూర్చుని విసురుతోంది. నన్ను చూడగానే ఆయన కళ్ళతోనే దగ్గరికి రమ్మన్నాడు.

"చెల్లె, ఒక్కటే మాట అడుగుత. డమ్మీలు తీసినవా నువ్వు?"

తుల్జమ్మ విసరడం ఆపింది.

"తీసిన అన్నా" అన్నాను.

"విప్పి సూస్తే లోపట డమ్మీలున్నయంట. తోకలు లేవంట. తోక లేని డమ్మీ నేనెప్పుడు పెట్టిన్నే?" కట్లు కట్టిన తన చేతులను చూసుకున్నాడు. "నువ్వు తీసినంటె తీసినట్టే. గట్లయితె ఈడ పైపులు కలిపినంక నేనే టెస్టుకు పెట్టిన్నేమో. పెట్టి మరిచిన్నేమో. నాకైతె యాదికొస్తలేదు."

"నువ్వు మరిచేటోనివి కాదు," అంది తుల్జమ్మ. "మన లగ్గంల మీ మామకు ఏ కూర తక్కువైందో గది గూడ ఇంక యాదిపెట్టుకున్నవు."

"సుగుణ అబద్ధమాడదే. బైబిల్ సదివే మనిషి."

తుల్జమ్మ నాకు అరటిపండు ఒలిచి ఇచ్చింది. తిన్నాను.

మరిచినోడు

నా సంతకం ఉంది కాబట్టి, దొరికినవాటికి షెడ్డు డమ్మీల తోకలు లేవు కాబట్టి, డమ్మీలు షెడ్డులో తీసేసినట్టే అయింది. మళ్ళీ పెట్టి మరిచినవాడు సంగన్నే అయ్యాడు. ఆయన కూడా అడిగినవాళ్ళందరికీ నేనే మరిచిన అని చెప్పాడు. ఉద్యోగం పోయింది. వేళ్ళు మళ్ళీ పూర్తిగా మూసుకోలేదు. పానా పట్టే చెయ్యి కాకుండా పోయింది.

చేతుల కంటే పాడయింది ఆయన నమ్మకం. తలుపు గొళ్ళెం పెట్టి, పది అడుగులు పోయి, మళ్ళీ వచ్చి చూసేవాడట. మేకను కట్టేసి, కట్టానా అని తుల్జమ్మను అడిగేవాడట. ఖేడ్‌లో చాయ హోటలు దగ్గర కుర్రాళ్ళు "డమ్మీ సంగన్నా, చాయ తాగినవా, మరిచినవా?" అనేవాళ్ళు. ఆయన నవ్వేవాడు. ఒకనాడు నా ఎదుటే చేతిలో ఉన్న ఖాళీ గ్లాసులోకి చూసుకుని, నిజంగానే అనుమానపడ్డాడు.

షెడ్డులో కొత్తగా చేరినవాళ్ళకు చిన్న సారు చెప్పే మొదటి పాఠం అదే అయింది. "డమ్మీ మరిస్తె ఏమైతదో సంగన్నను అడగండి." నేను అక్కడే, టెస్టు పంపు పక్కన నిలబడి వినేదాన్ని. క్రిస్మసుకు వాళ్ళింటికి కేకు పంపేదాన్ని. మా సుగుణ పంపింది అని ఆయన చుట్టుపక్కల పిల్లలకు పంచేవాడట.

ఆ తర్వాత నా చేతిలోకి డమ్మీలు రాకుండా ఒక్క డబ్బా కూడా గేటు దాటలేదు. ప్యాకింగులు లేకపోతే లారీని రెండురోజులు ఆపేదాన్ని. చిన్న సారు ఒక్క మాట అనేవాడు కాదు. సుగుణమ్మ అంత జాగ్రత్త మనిషి లేదని పేరు వచ్చింది. సంగన్న దగ్గర పోయిన పేరే అది. నా దగ్గరికి వచ్చి చేరింది.

చెప్పడం

తెలంగాణ వచ్చిన ఏడాది షెడ్డు మూసి, పనిని పట్నం దగ్గరికి తీసుకుపోయారు. నేను మానేశాను. అప్పుడు పోయాను బోరంచకు. ధైర్యం వచ్చి కాదు. పోగొట్టుకోవడానికి ఇంకేమీ మిగలలేదు కాబట్టి పోయాను. దాన్ని పశ్చాత్తాపం అనడానికి నాకు నోరు రాదు.

సంగన్న వాకిట్లో కూర్చుని కందులు ఏరుతున్నాడు. చాటను రెండు మణికట్ల మధ్య పట్టుకుని ఊపుతున్నాడు. చెప్పేశాను. ప్యాకింగులు, తోకలు, ఫోను, సంతకం, దవాఖానలో ఆడిన అబద్ధం, అన్నీ.

చాట కింద పెట్టాడు. "అంటె, నేను మరవలే?"

"మరవలే అన్నా."

"సుట్టు తిరిగి సూసిన. ఎర్రగ ఏం లేకుండె."

"లేకుండ నేనే కోసిన."

"మరవలే గదా నేను? మంచిగ చెప్పు."

"నువ్వేం మరవలే."

మూడు నాలుగుసార్లు అదే అడిగి అదే చెప్పించుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు: "ఆనాడు అడిగితి గదనే నిన్ను."

చాట చుట్టూ రాలిన కందులు ఏరి చాటలో వేశాను.

తుల్జమ్మ గడపలో నిలబడి అంతా విన్నది. "ఇన్నేండ్లు దేవునికి చెప్పుకున్నవా?" అంది.

"చెప్పుకున్న వదినా. రోజూ."

"ఆయనకు ముందే ఎరుక గద. మాకు చెప్పాల్సింది. లేచి పో."

లేచాను. సంగన్న వెనక నుంచి పిలిచాడు. క్షమించానని అనడానికి కాదు. "పోయి గా హోటల్ల చెప్పు. అందరికి చెప్పు. నేను మరవలేదని చెప్పు."

చెప్పాను. హోటలులో ఒకాయన చాయ చప్పరిస్తూ, "పోనీ తియ్యక్కా, ఎప్పటి ముచ్చట," అన్నాడు. పెద్ద సారు ఇంటికి పోయి చెప్పాను. ముసలాయన అంతా విని, "షెడ్డే లేదిప్పుడు, ఇంకెందుకమ్మా," అన్నాడు. చిన్న సారు ఫోను ఎత్తలేదు. చర్చిలో అందరి ముందు నిలబడి చెప్పాను. చాలామంది ఏడ్చారు. ఎంత మంచి సాక్ష్యం అని నా చేతులు పట్టుకున్నారు. ఆ సంగన్న ఎవరు, ఎట్లున్నాడు అని ఒక్కరూ అడగలేదు.

మొన్నటి ఎండాకాలం సంగన్న పోయాడు. దినాలకు పోతే తుల్జమ్మ నన్ను పొమ్మనలేదు, కూర్చోమనలేదు. పందిరి కింద ఒక పెద్దమనిషి పక్కవాడితో అంటున్నాడు: "మంచోడే పాపం. ఒక్కసారి మరిచిండు, బతుకంత పాయె."

పనిలోకి వచ్చేవాళ్ళతో

మీకు మంచి సార్లు దొరకాలని ప్రార్థిస్తాను. కానీ సార్ల మంచితనం మీద డబ్బా నడవదు. మీరు పెట్టిన డమ్మీ మీరే తీయండి. చూడని దానికి సంతకం పెట్టకండి, చూసి కూడా అబద్ధానికి పెట్టకండి. ఫోను కలవకపోతే బస్సెక్కి పొండి. షెడ్డు మూతపడుతుందని ఎవరైనా భయపెడితే, మా షెడ్డు ఎట్లాగూ మూతపడిందని గుర్తు తెచ్చుకోండి.

నాకు అక్షరాలు నేర్పిన నాయనకు, పని ఇచ్చిన పెద్ద సారుకు, ఇంతకాలం బతకనిచ్చిన దేవునికి వందనాలు. నా గురించి మీరు ఏమనుకున్నా సరే, దానికి నేను ఒడంబడే ఉన్నాను.

ఒక్కటే అడుగుతున్నాను. మీరు ఎక్కడ పనిచేసినా, బాయిలరు ముట్టించే ముందు ఒక్కసారి బోరంచ సంగన్నను తలుచుకోండి. ఆయన మంచి ఫిట్టరు. ఆ రోజు చుట్టూ తిరిగి చూశాడు. మంట ఆపడానికి లోపలికి పోయాడు. ఆయన ఏమీ మరిచిపోలేదు.